డీఈఈసెట్‌లో ర్యాంకు వచ్చింది, చేరాలా? ఆ రెండేళ్లు అసలు ఏం చదివిస్తారు?

పాలపిట్ట_ఎంపీసీ (జనగామ)

అందరికీ నమస్తే. ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. డీఈఈసెట్ (డీఎల్‌ఎడ్, అంటే ప్రైమరీ టీచర్ డిప్లొమాకు ప్రవేశ పరీక్ష) రాశాను. ర్యాంకు ఫర్వాలేదు, ప్రభుత్వ డైట్‌లోనే (జిల్లా టీచర్ శిక్షణ కాలేజీ) సీటు వచ్చేట్టుంది. నాకు చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టం, మా వాడకట్టు పిల్లలంతా సాయంత్రం మా అరుగు మీదే ఉంటారు. నాన్న మాత్రం "ముందు డిగ్రీ చెయ్యి, బీఈడీ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. మా బావయితే "అ ఆలు నేర్పడానికి రెండేళ్ల చదువెందుకే" అని ఒకటే ఎగతాళి.

ఇంతకీ డీఎల్‌ఎడ్‌లో ఏం సబ్జెక్టులుంటాయి? ఇంటర్‌లా లెక్కలు, ఫిజిక్స్ ఉంటాయా? యూట్యూబ్‌లో వెతికితే అన్నీ కోచింగ్ వాళ్ల వీడియోలే వస్తున్నాయి. చదివినవాళ్లు చెప్తారా?

---

డీఎస్సీ_దాకా

చేరు చెల్లీ, ఇంకేం ఆలోచించకు. ఎస్జీటీ (ప్రైమరీ టీచరు) కావాలంటే ఇప్పుడు దారి ఇదే. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ పనికిరాదు. తెలంగాణ 2024 డీఎస్సీలో (టీచర్ పోస్టుల భర్తీ పరీక్ష) 11,062 పోస్టులుంటే 6,508 ఎస్జీటీలే. నాన్నకు ఈ లెక్క చూపించు చాలు.

---

రెండో_ఏడు

నేను డైట్‌లోనే సెకండియర్ చదువుతున్నా, కాబట్టి సబ్జెక్టుల సంగతి నేను చెప్తా.

ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్ ఏవీ ఉండవు. ఫస్టియర్‌లో పిల్లల ఎదుగుదల, వాళ్లు ఎలా నేర్చుకుంటారు అనే సైకాలజీ పేపరు ఒకటి. సమాజం, విద్య, పాఠ్యప్రణాళిక మీద ఒకటి. బడికి రాకముందు వయసు పిల్లల గురించి ఒకటి. తర్వాత అసలు బరువంతా మెథడాలజీలదే, అంటే ఏ సబ్జెక్టు ఎలా చెప్పాలో నేర్పే పేపర్లదే: తెలుగు, గణితం, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం, నాలుగూ అందరూ చదవాల్సిందే. ఎంపీసీ కాబట్టి తెలుగు వదిలేస్తా అంటే కుదరదు. ఇవిగాక కంప్యూటర్, బొమ్మలు, పాటలు, ఆటలు, ఆరోగ్యం. సెకండియర్‌లో ప్రత్యేక అవసరాల పిల్లలు, బడి నిర్వహణ లాంటివి, ఇంకా ఆరు నుంచి ఎనిమిది తరగతుల కోసం ఏదో ఒక సబ్జెక్టు మెథడాలజీ. ఆంధ్రలో పేపర్ల పేర్లు కొంచెం మారతాయి, సరుకు దాదాపు ఇదే.

ఇంటర్న్‌షిప్ గురించి ఎవరూ చెప్పరు గానీ కోర్సులో పెద్ద ముక్క అదే. ఎన్‌సీటీఈ (టీచర్ చదువుల జాతీయ మండలి) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో కనీసం 20 వారాలు బడిలో ఉండాలి: మొదటి ఏడు 4, రెండో ఏడు 16. హాజరు మామూలు క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. "ఇంట్లో కూర్చుని డిగ్రీ కూడా చేసేస్తా" అని వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

రికార్డులు మాత్రం రాసీ రాసీ వేళ్లు వంకర్లు పోతాయి. అది వేరే కథ.

---

బీఈడీ_2019 (ఒంగోలు)

పైన "బీఈడీ పనికిరాదు" అన్న తమ్ముడికి ఒక మాట. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ ఇచ్చి బీఈడీ వాళ్లు కూడా ప్రైమరీకి అర్హులే, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలు అంది. అది చూసే మేం చేరాం, అప్పు చేసి ఫీజులు కట్టాం. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 1, అదే ప్రైమరీది, కూడా పాసయ్యా. ఐదేళ్ల తర్వాత ఆ నోటిఫికేషనే చెల్లదన్నారు.

సరే, తీర్పు తీర్పే. కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. బీఈడీలోనూ పిల్లల సైకాలజీ చెప్పిన పియాజే ఉన్నాడు, వైగాట్‌స్కీ ఉన్నాడు, లెసన్ ప్లాన్ ఉంది, టీచింగ్ ప్రాక్టీసు ఉంది. డిగ్రీ చదివినవాడికి రాని విద్య ఇంటర్ అయినవాళ్లకు రెండేళ్లలో ఏం వచ్చేస్తుంది? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి. వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నా.

---

విశ్రాంత_మాస్టారు

ఒంగోలు తమ్ముడూ, నీ ప్రశ్నా, ఆ అమ్మాయి బావగారి ప్రశ్నా నిజానికి ఒకటే. నేను డైట్‌లో చాలాకాలం గణితం మెథడాలజీ చెప్పి రిటైరయ్యాను. కొత్త బ్యాచ్ రాగానే బోర్డు మీద ఒక లెక్క వేసేవాణ్ణి. మూడో తరగతి పిల్లాడు 52 లోంచి 27 తీసేసి 35 అని రాశాడు. ఎందుకు రాశాడు?

తప్పని అందరికీ తెలుసు. "ఎందుకు" అంటే సగం మంది "అజాగ్రత్త సార్" అనేవారు. అజాగ్రత్త కాదు. 2 లోంచి 7 పోదు కాబట్టి వాడు 7 లోంచి 2 తీశాడు. "పెద్ద దాంట్లోంచే చిన్నది తీయాలి" అని ఒకటో తరగతిలో చెప్పింది మనమే. వాడు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు! ఇంకో పది లెక్కలు ఇంపోజిషన్ ఇస్తే పదీ అలాగే చేసుకొస్తాడు. వాడికి ఐదు పుల్లల కట్టలు, రెండు విడి పుల్లలు ఇవ్వాలి. ఏడు పుల్లలు తియ్యరా అనాలి. చాలక దిక్కులు చూస్తాడు. తనే ఒక కట్ట విప్పేదాకా ఆగాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని మనం గడగడా చెప్పేది ఈ కట్ట విప్పడమే. విప్పనివాడికి ఆ అప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

నూట ఐదును 1005 అని రాసేవాడిదీ ఇదే సంగతి. వంద రాశాడు, పక్కన ఐదు రాశాడు. నాలుగో వంతు మూడో వంతు కంటే పెద్దదని, 4 కంటే 3 చిన్నది కదా అని వాదించే పిల్లకు కూడా తనదైన లెక్క ఒకటుంది. ఇలాంటివి తరగతికి డజను దొరుకుతాయి.

బీఈడీ తక్కువని నేననను. ఆ చదువు హైస్కూలును ఉద్దేశించి తయారైంది. మ్యాథ్స్ వాడు మ్యాథ్సే చెప్తాడు, వాడి దగ్గరికి వచ్చే పిల్లలకు చదవడం, రాయడం ఎంతోకొంత వచ్చి ఉంటుంది. అక్షరం ముక్క రాని ఐదారేళ్ల పిల్లను కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్ మూడూ ఒకడే మొదలుపెట్టడం ఎలాగన్నది అక్కడి పేపర్లలో ఉండదు. కోర్టు అన్నదీ ఇంచుమించు అదే. రాజ్యాంగం ఆర్టికల్ 21ఎ కింద పిల్లలకు ఉన్నది ఊరికే బడికి పోయే హక్కు కాదు, నాణ్యమైన చదువుకు హక్కు, దానికి ఆ వయసు పిల్లల కోసం శిక్షణ పొందిన టీచరు కావాలి అని.

నీ ఫీజు డబ్బుల బాధకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు నాయనా.

---

డీఎస్సీ_దాకా

మాస్టారు చెప్పింది బాగుంది గానీ, పరీక్షలో పుల్లల కట్టలు రావు. టెట్ పేపర్ 1 మొత్తం 150 మార్కులు, సైకాలజీ 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30, లెక్కలు 30, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) 30. కోహ్లర్ ప్రయోగంలో చింపాంజీ పేరేంటి (సుల్తాన్), థార్న్‌డైక్‌ది ఏ సిద్ధాంతం (యత్నదోషం), ఇలాంటివి బట్టీ పడితే మార్కులు. చెల్లీ, చేరిన రోజు నుంచే బిట్లు మొదలెట్టు.

---

ఏజెన్సీ_ఎస్జీటీ (భద్రాద్రి కొత్తగూడెం)

@డీఎస్సీ_దాకా తమ్ముడూ, సుల్తాన్ పేరు వచ్చినా రాకపోయినా నా బడి నడుస్తది. నాది ఏకోపాధ్యాయ పాఠశాల. విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలు 60 లోపున్నా ఇద్దరు టీచర్లుండాలి. ఉన్నది నేనొక్కణ్ణే. ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గది, ఒకే బోర్డు. మధ్యాహ్న భోజనం లెక్క, ఫోన్‌లో ఆన్‌లైన్ హాజరు, వచ్చేపోయే మీటింగులు, అన్నీ నావే.

నేను చదివిన రోజుల్లో లెసన్ ప్లాన్ అంటే ఒక తరగతి, ఒక పాఠం, 45 నిమిషాలు, పిల్లలంతా చేతులు కట్టుకుని కూర్చుంటరు. ఆ ప్లాన్ తెచ్చి ఈ గదిలో పెట్టు, పదో నిమిషానికే ఐదో తరగతి పోరగాళ్లు కిటికీలెక్కుతరు. బహుళ తరగతి బోధన అని పుస్తకంలో ఒక పాఠం ఉండె, పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్న. నాకు కావాల్సింది రెండేళ్లూ అదే.

నేను చేసేది చెప్త, ఎవరికన్న పనికొస్తదేమో. ఒకటి, రెండు తరగతులు ఒక గుంపు. మూడు, నాలుగు, ఐదు ఇంకో గుంపు. ఒక గుంపుకు నేను చెప్పేటప్పుడు ఇంకో గుంపు చేతిలో రాత పనో, చదువుకునే కార్డులో ఉండాలె. ఖాళీగా ఉన్నరంటే నీ పని అయిపోయినట్టే. తెలుగు, లెక్కలకు తరగతి చూడను, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి కూర్చోబెడత. పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు రావాలని సర్కారు పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022ల వచ్చినంక పైనుంచి కూడా ఇదే అంటున్నరు. ఐదో తరగతిలున్నా గుణింతం రానివాణ్ణి రెండో తరగతి పిల్లలతో కూర్చోబెడితే వాడికి నామోషీ, అందుకే వాణ్ణే ఆ గుంపుకు లీడర్‌ని చేస్త. చిన్నోళ్లకు చదివి వినిపియ్యాలె కదా, ముందురోజు నా దగ్గర నేర్చుకుని పోతడు.

ఇంకోటి భాష. మా పిల్లలు ఇంట్ల కోయ మాట్లాడుతరు. పుస్తకంలో తెలుగు మాట వాళ్లకు పరాయి మాటే. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టిన్రు. పుస్తకాలు కూడా వేసిన్రు. నేను చేరే నాటికి మా దిక్కు ఆ పుస్తకాలు బీరువాలకెక్కినయి. మైదానం నుంచి వచ్చిన టీచరుకు కోయ నాలుగు ముక్కలన్న నేర్పకుండ ఏజెన్సీకి పంపుడు ఏం శిక్షణో నాకైతే తెల్వదు.

టెట్ అంటే గుర్తొచ్చింది. నేను టెట్ లేని రోజుల్ల ఉద్యోగంలకొచ్చిన. 2025 సెప్టెంబర్ 1 సుప్రీంకోర్టు తీర్పుతో, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి ఉన్నోళ్లం రెండేళ్లల్ల టెట్ పాస్ కావాలట. కాబట్టి తమ్ముడూ, నీ బిట్లు నాకు కూడా పంపు.

---

డీఎస్సీ_దాకా

హహ్హ, పీడీఎఫ్ పంపిస్తా అన్నా. మెసేజ్ చూడండి.

---

రెండో_ఏడు

సైకాలజీ అంతా బట్టీయే అంటే నేను ఒప్పుకోను. పియాజే చెప్పిన పూర్వ ప్రచాలక దశలో (సుమారు రెండు నుంచి ఏడేళ్ల వయసు) "పదిలపరచుకొనే భావన లోపం" అని ఉంటుంది. ఫస్టియర్‌లో నేనూ నిర్వచనం బట్టీ పట్టి రాసినదాన్నే. ఇంటర్న్‌షిప్‌లో ఒకటో తరగతి పాపకు ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి చూపించా. సమానమే అంది. ఒక గ్లాసు నీళ్లు తన కళ్లముందే పొడుగాటి సన్న సీసాలో పోశా. "ఇప్పుడు సీసాలో ఎక్కువున్నయి టీచర్" అంది, ఏ తడబాటూ లేకుండా. పక్కన మూడో తరగతి పిల్లాడు "అవే నీళ్లు కదనే" అని ఒకటే నవ్వు.

అప్పుడు వెలిగింది, ఒకటో తరగతికి లీటర్లు, మిల్లీలీటర్లు ఎందుకు పెట్టరో. ఆ పాపకు నేను ఎంత గొంతు చించుకుని చెప్పినా ఆ రోజుకు ఎక్కదు. నాకూ బీపీ పెరగదు.

---

బీఈడీ_2019

మాస్టారూ, 52–27 సంగతి మా అక్క కొడుకు మీద ప్రయోగించా. అచ్చం 35 అనే రాశాడు! ఆ ముక్క వరకు ఒప్పుకుంటా.

కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. డీఎల్‌ఎడ్ అంటే అందరూ ఇలా పుల్లలు పట్టుకుని నేర్చుకున్నవాళ్లే అన్నట్టు మాట్లాడకండి. మా ఊరి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చేరితే ఏడాదికి రెండుసార్లు కనబడితే చాలు, హాజరు వాళ్లే వేసుకుంటారు. రికార్డులు కూడా డబ్బులిస్తే దొరుకుతాయి. ఆ సర్టిఫికెట్టూ, డైట్‌లో చదివిన సర్టిఫికెట్టూ డీఎస్సీ ముందు ఒకటే కదా.

---

విశ్రాంత_మాస్టారు

అది నిజమే, కాదనను. ప్రభుత్వ డైట్లలో కూడా చాలాచోట్ల లెక్చరర్ పోస్టులు ఖాళీలే, స్కూళ్ల నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చి నెట్టుకొస్తున్నారు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొకటి పెట్టినప్పుడు ఉన్న ఊపు ఇప్పుడు లేదు.

రికార్డుల మీద నా అభిప్రాయం కొందరు పాత సహోద్యోగులకు నచ్చదు. మనం అడిగేదే అలా ఉంది. రంగురంగుల అట్టలు, గీతలు కొట్టిన మార్జిన్లు, ప్రతి పాఠానికీ ఒకే మూసలో లక్ష్యాలు, స్పష్టీకరణలు. దానికి మార్కులేస్తే పిల్లలు అది రాసిచ్చేవాణ్ణే వెతుక్కుంటారు. నేను ఆఖరి కొన్నేళ్లు ఒక పద్ధతి పెట్టాను: పీరియడ్ ప్లాన్ ఒక పేజీ చాలు, కానీ పాఠం చెప్పాక ఆ పేజీ వెనక "ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు" అని పిల్లల పేర్లతో రాయాలి. అది కొనుక్కోవడం కుదరదు. సూక్ష్మబోధన (తోటివాళ్ల ముందు చిన్న పాఠం చెప్పి సాధన చేయడం) మాత్రం తగ్గించలేదు. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు తోటివాళ్ల మాట వినడం, పన్నెండు నిమిషాలు సరిచేసుకోవడం, మళ్లీ ఆరు చెప్పడం, మళ్లీ ఆరు వినడం, మొత్తం 36 నిమిషాలు. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పేస్తున్నానని అక్కడే చాలామందికి మొదటిసారి తెలుస్తుంది.

---

డాలస్_వనజ

ఈ చర్చ చదువుతూ నిద్ర మానేశా. నేను ఇక్కడ టెక్సాస్‌లో ఎలిమెంటరీ టీచర్ సర్టిఫికెట్ కోసం చదువుతున్నా. ఇక్కడ ఇంటర్ తర్వాత డిప్లొమాతో కుదరదు, డిగ్రీ ఉండాలి. పైగా 2021 నుంచి చిన్న తరగతుల టీచర్లకు చదవడం ఎలా నేర్పాలి అన్నదాని మీదే విడిగా ఒక పరీక్ష. పుస్తకం ముట్టుకోకముందే పిల్లలు శబ్దాలను విడదీసి, కలిపి పలకగలగాలి, అక్షరాలు ఆ తర్వాత అని మాకు నూరిపోస్తున్నారు.

మా ఊళ్లో ఆదివారం తెలుగు బడిలో కూడా చెప్తుంటా. అక్కడ పిల్లలు "క కా కి కీ" అని పాటలా దంచేస్తారు, "కాకి" అని రాసి చూపిస్తే నోరు మెదపరు. మాస్టారూ, తెలుగు మెథడాలజీలో దీనికి ఏం చెప్తారు?

---

విశ్రాంత_మాస్టారు

నేను లెక్కల మేస్టర్నమ్మా, అయినా పక్క గదిలో విన్నది చెప్తాను. వర్ణమాల మొత్తం అయ్యాక గుణింతాలు, గుణింతాలయ్యాక ఒత్తులు అన్న పాత వరస ఇప్పుడు ఒకటో తరగతి పుస్తకాల్లోనే లేదు. బొమ్మ చూసి మాట్లాడించి, తెలిసిన పదం తీసుకుని, అందులోంచి అక్షరం గుర్తుపట్టించి, ఆ నాలుగైదు అక్షరాలతోనే కొత్త పదాలు చేయిస్తారు. మీ పిల్లలకు "కా" చెప్పిన రోజే "కాకి, కాలు, కారు" చదివించండి. క గుణింతం మొత్తం పూర్తవ్వాలని ఆగొద్దు. తల్లిదండ్రులు మాత్రం గోల చేస్తారు, "ఇంకా అ ఆలు పూర్తి కాలేదా" అని. ఇక్కడా అంతే.

---

ఏజెన్సీ_ఎస్జీటీ

తల్లిదండ్రులేం ఖర్మ, తనిఖీకి వచ్చినోళ్లూ అదే అడుగుతరు.

---

పాలపిట్ట_ఎంపీసీ

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారు గారి లెక్క మా బావకు ఇచ్చాను, "అజాగ్రత్త" అనే అన్నాడు 🙂 నాన్నకు వేరే భయం ఉంది. 2030 నాటికి నాలుగేళ్ల బీఈడీయే ఉంటుందట కదా, అప్పుడు ఈ డిప్లొమా వృథా అవుతుందా? ఇంకోటి, తెలుగు మీడియం పెట్టుకోవాలా, ఇంగ్లిష్ మీడియమా?

---

రెండో_ఏడు

నాలుగేళ్లది వస్తుందని 2020 జాతీయ విద్యావిధానంలో రాసిన మాట నిజమే. కానీ నువ్వు ఇప్పుడు చేరితే రెండేళ్లలో బయటకొస్తావు. నోటిఫికేషన్‌లో ఎస్జీటీకి ఇప్పుడు అడుగుతున్నది ఈ డిప్లొమానే. డిగ్రీ ఆపొద్దు. డిప్లొమా అవ్వగానే డిగ్రీలో చేరు, తర్వాత బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) వైపు కూడా దారి ఉంటుంది. మా సీనియర్లు చాలామంది అలాగే చేశారు. నాన్నకు ఇలా చెప్తే ఆయన మాటా ఉన్నట్టుంటుంది.

మీడియం మాత్రం కొంచెం ఆలోచించు. తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్. డీఎస్సీలో పోస్టులు మీడియం వారీగా ఉంటాయి కాబట్టి ముందు నోటిఫికేషన్లు చూసుకో. నా వరకైతే తెలుగు మీడియం తీసుకున్నా, పాఠం మాత్రం రెండు భాషల్లో చెప్పి అలవాటు చేసుకుంటున్నా.

---

ఏజెన్సీ_ఎస్జీటీ

మంచి మాట. వెబ్ ఆప్షన్లల్ల ముందు ప్రభుత్వ డైట్లు అన్నీ పెట్టు బిడ్డా, దూరమైనా సరే. హాస్టల్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కో. డైట్ దగ్గర మంచి ప్రైమరీ స్కూల్ ఉంటే ఇంటర్న్‌షిప్‌కు కలిసొస్తది. వీలైతే ఒక్క వారమన్న ఏకోపాధ్యాయ బడి అడిగి పో.

---

పాలపిట్ట_ఎంపీసీ

సరే సార్. హనుమకొండ మొదట, తర్వాత నల్గొండ, ఖమ్మం పెడుతున్నా. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు ఏమేం పట్టుకెళ్లాలి?

---

రెండో_ఏడు

టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు (స్థానికత కోసం అడుగుతారు), కులం, ఆదాయం. ఆదాయం పాతది చెల్లదంటారు, ఈరోజే మీసేవలో అప్లై చెయ్యి. చివరి రోజు సర్వర్ డౌన్ ఉంటుంది. అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసి పెట్టుకో.